పదకొండు బండ్లు ఆపిన సైగ

నాకు సైకిల్ తొక్కడం రాదు. స్కూటీ మీద వెనక కూర్చున్నా తమ్ముడి చొక్కా చిరిగేట్టు పట్టుకుంటాను. అలాంటి నేను ఒక ఆదివారం మధ్యాహ్నం సూరత్ శివార్లలో పదకొండు రేసు బండ్లను రెండు చేతులతో ఆపాను. నా దగ్గర సీటీ లేదు, జెండా లేదు, పోలీసు టోపీ అసలే లేదు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. వినేవాళ్ళకు వస్తుందని మా ఇంట్లో అంటారు. వస్తే రానీ.

గొప్పలు చెప్పుకుంటున్నాననే మాట నిజమే. కానీ ఆ రోజు ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ ముక్క మింగేసి మిగతాది చెబితే కళ్ళు పోతాయి. అందుకని మొదటినుంచీ చెబుతాను.

మాది సూరత్ లింబాయత్‌లో ఒక సందు. మా తాత కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాల మీద బతుకుతున్న నేత కుటుంబం. సాంచా అంటే కరెంటు మగ్గం. కింద ఆరు సాంచాలు, పైన రెండు గదులు, అదే మా ఇల్లు. ఆరూ ఒక్కసారి నడుస్తుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మా వాళ్ళందరికీ చేతులతో మాట్లాడడం అలవాటు. బొటనవేలు పెదవుల దగ్గర పెడితే టీ వచ్చిందని. మీసం తిప్పితే సేటు వస్తున్నాడని, ఆ సేటుకు మీసం లేకపోయినా సరే. ఈ మూల నుంచి ఆ మూలకు అత్తాకోడళ్ళు పొద్దంతా సైగలతోనే పోట్లాడుకుని, సాయంత్రానికి సైగలతోనే కలిసిపోవడం నేను చూశాను.

ఇన్ని సైగల్లో ఒక్కదానితో మాత్రం ఎవరూ ఆటలాడరు. ఎడమ అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి, హ్యాండిల్ లాగినట్టు కిందికి గుంజాలి. నాడె ఎగిరింది, కళ్ళు కాచుకో, సాంచా ఆపు అని దానర్థం. నాడె అంటే పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే కొయ్య, దాని రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. అది దారి తప్పి బయటికి ఎగిరితే ఎవరికి తగులుతుందో దేవుడికే తెలియాలి. మా నాయిన కుడి కన్ను అలాగే పోయింది. అప్పుడు ఆరేళ్ళ తమ్ముడు ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ సైగ కనపడిందంటే ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయేవాళ్ళం. నేను నోటితో బోలెడు అబద్ధాలు ఆడతాను. ఆ సైగతో ఒక్కటంటే ఒక్కటి ఆడలేదు.

తమ్ముడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. అమ్మ తొందరగా పోయింది, వాడు నా చంకలోనే పెరిగాడు. సాంచాల మీద వాడికి ఎప్పుడూ మనసు లేదు. పదో తరగతి కాగానే గ్యారేజీలో చేరాడు, దూరంనుంచి బండి చప్పుడు విని దాని రోగం చెప్పేవాడయ్యాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మట్టి ట్రాకుల మీద బైకు రేసులాడే పిచ్చి పట్టింది. తిట్టాను, అలిగాను, అన్నం మానేశాను. ఒక పూటే మానేశాను, రెండో పూట ఆకలేసింది. వాడేమో "ఒక్కసారి వచ్చి జూడు అక్కా, తర్వాత తిట్టు" అన్నాడు. చూద్దామనే బయల్దేరాను. నిజం చెప్పాలంటే, వాడు పడిపోతే ఎత్తుకోవడానికి నేను దగ్గర ఉండాలని వెళ్ళాను.

ట్రాకు ఒక ఖాళీ జాగాలో వేశారు. పొడుగ్గా తిన్నటి దారి, దాని చివర పెద్ద మట్టి దిబ్బ, దిబ్బ చుట్టూ మలుపు. బండి నడిపేవాడికి మలుపు తిరిగేదాకా దిబ్బ వెనక ఏముందో కనపడదు. జనం కూర్చున్న గట్టు మీంచి మాత్రం దిబ్బకు అటూ ఇటూ రెండు వైపులా కనిపిస్తుంది. పన్నెండు బండ్లు, పది చుట్లు. అంబులెన్సు ఉంది, హెల్మెట్లు ఉన్నాయి, మైకులో ఆగకుండా అరిచే ఒకతను ఉన్నాడు. మా సందులోంచి సాంచాల వాళ్ళు పాతికమంది దాకా వచ్చారు. మావాడు రేసులో ఉన్నాడంటే రాకుండా ఉంటారా?

తమ్ముడు హెల్మెట్ చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఒక్క మాట. నా దోస్తులందరు ఉన్నరు. కార్ఖానల లెక్క చేతులు ఊపకు జర. ఇజ్జత్ పోతది. బస్, చుప్ బైఠ్."

"ఊపితే ఏందిరా? నీ ముడ్డి గడిగిన చేతులే గివి."

"గందుకే జెప్తున్న, దాపెట్టుకో."

కొంగు కింద చేతులు దాపెట్టుకుని కూర్చున్నాను. వాడి వెనకే ఇంకొకతను వచ్చాడు, నారింజ రంగు బండి అతనిది. వరాఛాలో వజ్రాలు సానబట్టే పనట. నవ్వు ముఖం. నన్ను చూసి హిందీలో, "దీదీ, మీ తమ్ముడు ఇవాళ నా వెనక దుమ్ము తింటాడు" అన్నాడు. "దుమ్ము మాకు కొత్త కాదు, పుట్టినప్పటినుంచీ దూది దుమ్మే తింటున్నాం" అన్నాను. పెద్దగా నవ్వి, తమ్ముడి హెల్మెట్ పట్టీ వదులుగా ఉందని తనే బిగించి పోయాడు. ఓడించాల్సినవాడికి పట్టీ బిగించే మనిషి. నాకు నచ్చాడు.

ఇక ఎర్రగుడ్డల సంగతి. రింగ్ రోడ్డులో చీరల దుకాణం ఉన్న ఒక సేటు ఈ రేసుకు ఖర్చు పెట్టుకున్నాడు. ఆయన దగ్గర రంగు తేడా వచ్చిన గుడ్డ థాన్లు కొన్ని మిగిలిపోయాయట. కుంకుమ రంగు రావలసింది పండుమిరప రంగు వచ్చింది. సూరత్‌లో గుడ్డ పారేసే పాపం ఎవరూ చెయ్యరు. ముక్కలు కోయించి, దుకాణం ముద్ర కొట్టించి, రేసు జరుగుతుంటే ఊపమని వచ్చినవాళ్ళందరికీ తలా ఒకటి పంచాడు. ఉచితంగా వచ్చిన గుడ్డను వద్దనే జాతి కాదు మాది. దిండు గలీబులకు పనికొస్తాయని నేను రెండు తీసుకుని కింద వేసుకుని కూర్చున్నాను. అదే థాన్లోంచి ఇంకో ముక్క కోసి, కర్రకు కట్టి, జెండా మనిషి చేతికిచ్చారు. రేసు ఆపాలంటే అతను ఊపాల్సింది ఎర్రజెండానే. గట్టు నిండా జనం ఊపబోయేదీ అదే ఎరుపు. గుడ్డ పట్టుకుంటే నూలెంతో రంగెంతో చెప్పగలిగే నేతగాళ్ళం, వ్యాపారులం అంతమందిమి అక్కడున్నాం. ఒక్కరికీ ఈ ముక్క తట్టలేదు. నాకూ తట్టలేదు.

రేసు మొదలైంది. రెండు చుట్ల దాకా దుమ్ములో ఎవరు ఎవరో తెలియలేదు. మూడో చుట్టులో తమ్ముడు ముందుకొచ్చాడు. నా కడుపులో భయం ఎటు పోయిందో! తిట్టిన నోటితోనే అరవడం మొదలుపెట్టాను. నారింజ బండి వాడి వెనకే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ప్రతి మలుపులో అతను పక్కకొస్తాడు, తిన్నటి దారి మీద మావాడు మళ్ళీ లాగేస్తాడు. అయిదో చుట్టు, ఆరో చుట్టు, ఏడో చుట్టు, మా సాంచాల వాళ్ళంతా లేచి నిలబడ్డారు. వాడు గెలవాలని నాకు ఎంత కోరిక పుట్టిందో ఇప్పుడు చెప్పాలంటే నాకే సిగ్గు.

ఎనిమిదో చుట్టులో తమ్ముడు దిబ్బ మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. వెనకే తిరిగిన నారింజ బండి మట్టిలో జారింది. మనిషి ఎగిరి గట్టు కట్టిన దుంగలకు తగిలి, మళ్ళీ దారి మధ్యలోకి వచ్చి పడ్డాడు. ఆ తర్వాత కదలలేదు. వెనకొచ్చిన బండ్లు ఎలాగో పక్కనుంచి తప్పించుకుని పోయాయి. ఆ దుమ్ములో వాళ్ళు అతన్ని చూశారో లేదో కూడా తెలియదు. తాడు దాటి నలుగురు ట్రాకు మీదికి దూకారు. అందులో ముందున్నవాడు పడినతని పేరు పెట్టి పిలుస్తూ, అతని తల ఒళ్ళో పెట్టుకుని, దారి నడిమధ్యలో చతికిలపడ్డాడు.

ఒక చుట్టుకు నిమిషం పైన కాస్త పడుతుంది. అంటే నిమిషంలో పదకొండు బండ్లు దిబ్బ తిరిగి వాళ్ళ మీదికొస్తాయి. అందరికంటే ముందు వచ్చేది నా తమ్ముడు.

జెండా మనిషి పాపం ఊపుతూనే ఉన్నాడు, ఎగిరెగిరి ఊపుతున్నాడు. కానీ గట్టు మీద జనంలో సగం మందికి ఏం జరిగిందో తెలియదు. వాళ్ళూ ఊపుతున్నారు. ఎరుపులో ఎరుపు కలిసిపోయింది. మైకతను ఆపండి, ఆపండి అంటున్నాడు, కానీ ఆ ఇంజన్ల మోతలో మైకు వినేదెవరు? నేనూ అరిచాను, నా గొంతు నాకే వినపడలేదు. సరిగ్గా సాంచాలు నడుస్తున్న మా కార్ఖానాలో ఉన్నట్టే ఉంది. అప్పుడు నేను ఆలోచించానని ఎవరైనా అంటే నమ్మకండి. చేతులే కొంగు కిందినుంచి బయటికొచ్చాయి. గట్టు చివరికి పరిగెత్తి, ఎడమ అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టి, కుడిచెయ్యి ఎత్తి గుంజడం మొదలుపెట్టాను. ఎత్తడం, గుంజడం. జుట్టు ముడి ఊడిపోయింది.

మా సందు చివర ఉండే ఒక ముసలమ్మ నా వెనకే వచ్చింది. ఆమె ఎప్పుడూ కార్ఖానాలో పనిచేయలేదు, సైగలు తెలియవు. కళ్ళు మూసుకుని, జుట్టు విరబోసుకుని చెయ్యి ఊపుతున్న ఆడదాన్ని చూసి ఆమెకు తట్టింది ఒక్కటే, ఒంటి మీదికి అమ్మవారొచ్చిందని.

"శిగమొచ్చిందే! జరుగుండ్రి, జరుగుండ్రి! అమ్మా, ఏం గావాలె తల్లీ నీకు? కల్లు సాక పొయ్యాల్నా?"

"నీ తలకాయ గావాలె, జరుగు!" అన్నాను.

అమ్మవారు తల అడిగిందని ఆమె నిజంగానే బెదిరిపోయి రెండు చేతులతో మెడ పట్టుకుంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాగదు. అప్పుడు మాత్రం ఆ మనిషిని తోసేసి మళ్ళీ చెయ్యెత్తాను.

గట్టు కింద నిలబడ్డ మా సాంచాల వాళ్ళు ఈ గొడవకు నావైపు తిరిగారు. నా చేతులు చూశారు. ఎవరూ ఏమైందని అడగలేదు. ఒక్క క్షణంలో పాతికమందీ ట్రాకు పొడుగునా వరసగా నిలబడి, ఎడమ చేతులు కళ్ళ మీద పెట్టి, కుడి చేతులు ఎత్తి గుంజడం మొదలుపెట్టారు. ఎర్రగుడ్డలు కింద పడిపోయాయి. వాళ్ళల్లో ముప్పై ఏళ్ళు సాంచా నడిపినవాళ్ళున్నారు. అందరి చెయ్యీ ఒక్కసారే లేస్తోంది, ఒక్కసారే దిగుతోంది.

తిన్నటి దారి మొదట్లో తమ్ముడు కనపడ్డాడు. గెలిచేవాడి వేగంలో ఉన్నాడు. వెనక పది బండ్లు. వాడికి మా మీద కోపం రావచ్చు. ఇజ్జత్ తీయొద్దని చెప్పినా అక్క మాట వినలేదని, సందు మొత్తాన్నీ కూడగట్టి ఊపిస్తోందని తల తిప్పుకుని పోవచ్చు. రేసులకు పంపడం ఇష్టంలేక నాటకమాడుతోందని అనుకోవచ్చు. అవన్నీ నాకు ఒకేసారి తట్టాయి. చూడరా, ఒక్కసారి చూడరా అనుకుంటూ గుంజాను, భుజం పట్టేసినా గుంజాను.

వాడు చూశాడు. హెల్మెట్ ఇటు తిరగడం నేను వేళ్ళ సందుల్లోంచి స్పష్టంగా చూశాను. ఆ తర్వాత వెనకవాళ్ళను ఆగమన్నట్టు వాడి ఎడమ చెయ్యి పైకి లేచింది. బండి తోక అటూ ఇటూ కొట్టుకుంది, వేగం తగ్గింది. ముందున్నవాడు ఆగుతుంటే వెనకవాళ్ళు గాభరాగా బ్రేకులు నొక్కారు. ఒకటి, రెండు, మూడు. చివరివాడు మెల్లగా పక్కకు ఒరిగి కింద పడి, తిట్టుకుంటూ లేచాడు. దిబ్బకు ఇవతల, నాలుగు చీరలు పరిచినంత దూరంలో, పదకొండు బండ్లూ ఆగాయి. ఇంజన్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కరెంటు పోయినప్పుడు కార్ఖానాలో ఎలా ఉంటుందో అలా అయిపోయింది అంతా.

తమ్ముడు హెల్మెట్ తీసి, బండి పడేసి, దిబ్బ చుట్టూ నడిచి వెళ్ళి చూశాడు. తిరిగొచ్చేటప్పటికి వాడి ముఖంలో నెత్తురు లేదు. నా దగ్గరికొచ్చి కింద కూలబడ్డాడు.

"నేను గేర్ గూడ మార్చిన అక్కా. ఇంకా స్పీడ్ పెంచుదమనే ఉంటి."

"ఆపినవ్ గద బిడ్డా. మస్తు ఆపినవ్."

"నువ్వు గా సైగ ఊకెనే చెయ్యవని తెల్సు నాకు."

వాణ్ణి పట్టుకుని నేను ఏడ్చాను. ఏడుస్తూనే, చెప్పడానికి నోరు రావడం లేదు కానీ, లోపల పండగలా ఉంది. పక్కనే ఒక మనిషిని అంబులెన్సులో ఎక్కిస్తున్నారు. ఇందాక నవ్విన మనిషి, మావాడి పట్టీ బిగించిన మనిషి. ఆస్పత్రికి చేరేలోపే పోయాడని కాసేపటికి తెలిసింది. మైకులో రేసు ఇక్కడితో ఆపేస్తున్నాం, గెలిచినవాళ్ళు ఎవరూ లేరు అన్నారు. మావాళ్ళంతా టోపీలు, రుమాళ్ళు తీసి నిలబడ్డారు. ఆ నిలబడ్డ పాతికమందినీ చూసి నా ఛాతీ గర్వంతో పొంగింది. ఒకే గుండెలో ఆ రెండూ ఎలా పట్టాయో నాకిప్పటికీ తెలియదు.

ఆ తర్వాత లింబాయత్‌లో నన్ను బ్రేక్ అక్క అనడం మొదలుపెట్టారు. షేర్ ఆటోవాళ్ళు నన్ను చూసి కళ్ళ మీద చెయ్యి పెట్టుకుని బండి ఆపుతారు. కొన్నాళ్ళకు రేసులు పెట్టేవాళ్ళు మనుషుల్ని పంపి, ఇకమీదట ప్రతి మలుపులో మీ సాంచాల వాళ్ళు ఇద్దరిద్దరు నిలబడాలని అడిగారు. గుడ్డలు పంచడం బంద్ చేశారు. బండి నడిపేవాళ్ళందరికీ రేసు ముందు ఆ సైగ నేర్పేది మావాళ్ళే. ఎన్నడూ కార్ఖానా గడప దాటి మర్యాద చూడని మనుషులు పచ్చ కోట్లు వేసుకుని మలుపుల్లో నిలబడితే, మా ఆడవాళ్ళం గట్టు మీంచి ఈలలేస్తాం. తమ్ముడు రేసులు మానలేదు, నేను తిట్టడం మానలేదు.

కానీ నేను చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, అది మాత్రం అందరికీ చెప్పను.

ఆ ఆదివారం అయిన పధ్నాలుగో రోజున మా ఇంటి ముందు ఆటో ఆగింది. తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దామె, ఆమెను పట్టుకుని ఒకతను దిగారు. అతన్ని గుర్తుపట్టాను. ట్రాకు మధ్యలో తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు. పోయినతనికి అన్న అట. ఆమె తల్లి. పదమూడో రోజు కర్మ అయ్యాక ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నేను కిందికి పరిగెత్తి సాంచాలన్నీ ఆపేశాను.

ఆమె మాట్లాడేది గుజరాతీ, నాది సగం హిందీ, అన్న మధ్యలో సర్దుతున్నాడు. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుంది. దారాలు కోసి కోసి గీతలు పడ్డ చేతులు నావి. వాటిని తిప్పి తిప్పి చూసి కళ్ళకద్దుకుంది.

"ఇద్దరు కొడుకులు వెళ్ళారు. వీడు తిరిగొచ్చాడు, నీ వల్ల" అంది.

ఊరంతా గొప్పలు చెప్పుకుని తిరిగినదాన్ని, ఆ మాటకు నాకు ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకున్నట్టయింది. ఈ తల్లి దగ్గర అబద్ధం ఆడలేకపోయాను.

"బా, అమ్మా, నన్ను మన్నించు. నేను నీ కొడుకును చూసి ఆపలేదు. ఆ సమయంలో వీళ్ళెవరూ నా కంటికి మనుషుల్లా ఆనలేదు. నా తమ్ముడు వచ్చి గుద్దుకుంటాడనే ఆపాను. వాడి కోసమే."

అన్న తల వంచుకున్నాడు. ఆమె మాత్రం నా చేతులు వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నాకు తెలుసు కదమ్మా. ఎవరో పరాయివాళ్ళ కోసమైతే ఒకసారి చెయ్యి ఊపి ఊరుకునేదానివి. తమ్ముడి కోసం కాబట్టే అన్ని బండ్లూ ఆగాయి. నా కొడుక్కి అది చాలింది."

తమ్ముడు టీ తీసుకొస్తే నలుగురం తాగాం. వెళ్ళేటప్పుడు ఆమె గడపలో ఆగి, వాడి నెత్తిన చెయ్యి పెట్టి, నువ్వు గెలిచినప్పుడు నాకు కబురు చెయ్యి, వచ్చి చూస్తాను అంది. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను దాచను. అవును, ఆపాను. నా తమ్ముడి కోసమే ఆపాను. పదకొండూ ఆగాయి.